ఇందిరానగర్‌లో ఎక్కడ తిందాం? ఎవరితో వెళ్తున్నారన్నదే అసలు లెక్క

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి ఊరి నుంచి చుట్టాలొచ్చినా, హైదరాబాద్ నుంచి స్నేహితులు దిగినా తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఫోన్‌లో వెతికితే వందల పేర్లు వస్తాయి. దాదాపు అన్నిటికీ నాలుగు స్టార్ల పైనే రేటింగ్ ఉంటుంది, అన్నిటి ఫోటోలూ నోరూరించేలాగే ఉంటాయి. అరగంట చూశాక కూడా ఏదీ తేలదు. చివరికి ఎవరో ఒకరు ఏదో ఒక పేరు చెబితే అక్కడికే బయల్దేరతాం.

అక్కడ తిండి బాగోకపోవడం అరుదు. సాయంత్రం చెడేది వేరే కారణాల వల్ల. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మని నిలబడి తినే చోటికి తీసుకెళ్తాం. పదేళ్ల తర్వాత కలిసిన స్నేహితుణ్ణి ఒకరి మాట ఒకరికి వినపడని చోట కూర్చోబెడతాం. కార్తీకమాసంలో ఉన్న అత్తగారి ముందు మెనూ పెడితే ఆవిడ తినగలిగేవి రెండే ఉంటాయి. అందుకే ఎక్కడ ఏది ఫేమస్ అన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు మీతో ఎవరున్నారో చూసుకోండి. ఈ పోలికంతా ఆ లెక్కలోనే రాస్తున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

కూర్చునే వీలు, వెయిటింగ్. ఇందిరానగర్‌లో అన్నిటికన్నా పెద్ద సమస్య ఇదే. హండ్రెడ్ ఫీట్ రోడ్డు, ట్వెల్త్ మెయిన్, డబుల్ రోడ్డు, సీఎంహెచ్ రోడ్డు ఈ నాలుగింటి చుట్టూనే హోటళ్లన్నీ ఉన్నాయి. శని, ఆదివారాల్లో ఊరంతా ఇక్కడికే వస్తుంది. రాత్రి ఎనిమిది గంటలకి వెళ్లి వెంటనే టేబుల్ దొరకాలంటే కష్టం. ఆకలితో ఉన్న పిల్లలు, నిలబడలేని పెద్దవాళ్లు పక్కన ఉంటే ఆ ముప్పావుగంట ఎదురుచూపే మొత్తం సరదాని తినేస్తుంది.

శాకాహారం సంగతి. వెజ్ ఐటమ్స్ దొరకడం వేరు, వంటగదే శాకాహారం కావడం వేరు. మనవాళ్లలో చాలామంది పెద్దలకి ఈ రెండో విషయం ముఖ్యం. వాళ్లు నోరు తెరిచి చెప్పరు, ఆకలిగా లేదంటారు, అంతే. బయల్దేరే ముందే మనం అడిగి తెలుసుకోవాలి.

శబ్దం. ఫోటోల్లో కనిపించనిది ఇదొక్కటే. రాత్రి ఎనిమిది దాటితే చాలాచోట్ల మ్యూజిక్ పెంచేస్తారు.

బిల్లు. కింద నేను చెప్పినవి తలకి ఎంత పడుతుందన్న నా అంచనాలు. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే వాడండి.

చేరుకోవడం. కారు తీసుకెళ్తే పార్కింగ్ కోసం సందులన్నీ తిరగాలి. మెట్రో పర్పుల్ లైన్‌లో ఇందిరానగర్ స్టేషన్ ఉంది. 2023 అక్టోబర్‌లో ఆ లైను వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట వరకు పూర్తయ్యాక అటు ఐటీ కారిడార్ నుంచీ, ఇటు మెజెస్టిక్ నుంచీ ఒకే రైల్లో దిగిపోవచ్చు. స్టేషన్ సీఎంహెచ్ రోడ్డు మీద ఉంటుంది. అక్కణ్ణుంచి ట్వెల్త్ మెయిన్‌కి కిలోమీటరు పైనే. కుర్రాళ్లైతే నడిచేస్తారు, పెద్దవాళ్లుంటే ఆటో ఎక్కండి.

## ఐదు చోట్లు, ఒక్క చూపులో

ఇందిరానగర్‌లో బాగున్నవి ఈ ఐదేనని కాదు. ఒక్కోటి ఒక్కో రకం అవసరానికి సరిపోతుందని వీటిని ఎంచుకున్నాను.

| చోటు | దేనికి వెళ్లాలి | కూర్చోవడం | శాకాహారులకు | మాటలకి వీలు | తలకి సుమారు |
|---|---|---|---|---|---|
| రామేశ్వరం కెఫే | దోసె, ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ | ఎక్కువగా నిలబడే | పూర్తిగా వెజ్ | తక్కువ | 200–300 |
| అరకు | కాఫీ, బ్రెడ్ రకాలు, తీరికగా బ్రేక్‌ఫాస్ట్ | హాయిగా | ఉన్నాయి | ఎక్కువ | 700–1000 |
| బర్మా బర్మా | బర్మా వంటలు, టీ | హాయిగా | పూర్తిగా వెజ్ | ఎక్కువ | 1000 పైన |
| టాయిట్ | అక్కడే కాచిన బీరు, పిజ్జా | దొరికితే బాగుంటుంది | ఉన్నాయి | పగలు పర్లేదు, రాత్రి కష్టం | 1500 దాకా |
| నాగార్జున | ఆంధ్ర భోజనం, బిర్యానీ | తిని లేవాలి | ఉన్నాయి, వంటగది ఒకటే | మధ్యస్థం | 400–600 |

## రామేశ్వరం కెఫే

2021లో ఇందిరానగర్‌లోనే మొదలైంది. అబ్దుల్ కలాం గారి మీద గౌరవంతో ఆయన పుట్టిన ఊరి పేరు పెట్టుకున్నారు. కౌంటర్‌లో డబ్బు కట్టి, బిల్లు చూపించి, మన ప్లేటు మనమే తెచ్చుకోవాలి. ఎత్తు బల్లల చుట్టూ నిలబడి తింటారు. తెల్లవారుజామునే తెరిచి అర్ధరాత్రి దాటేదాకా నడుపుతారు కాబట్టి ఏ వేళకి వెళ్లినా ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక్కడ నెయ్యి కారప్పొడి దోసె తినాలి. పెనం దగ్గర ఒక నిమిషం నిలబడి చూడండి. పిండి తిప్పాక నెయ్యి చుక్కలు చుక్కలుగా వెయ్యరు, గరిటెతో పోస్తారు. దాని మీద కారప్పొడి చల్లి మొత్తం పరిచేస్తారు. అంచులు ఎర్రగా కాలి, మధ్యలో మెత్తగా, అడుగున గట్టిగా ఉంటుంది. మన ఇళ్లల్లో పల్చగా పోసే దోసెతో దీన్ని పోల్చకండి, ఇది బెంగళూరు దోసె, మందంగానే ఉంటుంది. ఒక్కటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు. నెయ్యి పడనివాళ్లు ముందే తగ్గించమని చెప్పాలి. ఆ రద్దీలో మీ మాట వినిపించేలా చెప్పాలి.

దీని బలం వేగం, ధర, శుభ్రమైన వెజ్ వంట. లోటు ఒక్కటే, తీరిక ఉండదు. వెనక ప్లేటు పట్టుకుని ఇంకొకరు మీ బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తుంటారు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకి ఇంకో మాట. 2024 నుంచి మాదాపూర్‌లోనూ రామేశ్వరం కెఫే ఉంది. బెంగళూరులో మీకున్నది ఒక్క పూటే అయితే ఆ పూటని దీనికి ఖర్చు పెట్టకండి. పొద్దున్నే రైలు దిగి, హోటల్ గది ఇచ్చేలోపు టిఫిన్ చెయ్యాలంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు చెప్పలేను.

## అరకు

తెలుగువాళ్లని ఇందిరానగర్‌లో ఒక్క చోటికే తీసుకెళ్లాల్సి వస్తే నేను ఇక్కడికే తీసుకెళ్తాను. రుచి ఒక కారణమే కానీ, ఆ కప్పులో ఉన్నది మన మన్యం పంట కావడం అంతకన్నా పెద్ద కారణం.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నాంది ఫౌండేషన్ అరకు లోయ ఆదివాసీ రైతులతో కలిసి పెంచిన కాఫీ ఇది. ఈ పేరుతో మొదటి దుకాణం మన దేశంలో తెరవలేదు, 2017లో పారిస్‌లో తెరిచారు. ఇందిరానగర్ ట్వెల్త్ మెయిన్‌లోని ఈ కెఫే 2021లో వచ్చింది. అరకు స్టేషన్‌లోనో, విశాఖ షాపుల్లోనో మీరు కొనే అరకు వ్యాలీ కాఫీ ప్యాకెట్ గిరిజన సహకార సంస్థది. ఆ జీసీసీ వేరు, ఈ కెఫే వేరు. పంట మాత్రం ఆ కొండలదే. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక్కడ పోర్ ఓవర్ కాఫీ చెప్పి కౌంటర్ దగ్గర నిలబడండి. పొడిని గ్రాముల్లో తూచి, కాగితం ఫిల్టర్‌లో వేసి, సన్నటి మూతి ఉన్న కెటిల్‌తో వేడినీళ్లు గుండ్రంగా తిప్పుతూ పోస్తారు. మొదటి నీళ్లకి పొడి పొంగుతుంది, అది అణిగేదాకా ఆగి మళ్లీ పోస్తారు. కప్పులోకి దిగేది పాలు లేని తేలికపాటి టీలా ఉంటుంది. మొదటి గుక్కలో పండు పులుపు తగులుతుంది. కాస్త చల్లారాక తీపి తెలుస్తుంది. చికోరీ కలిపిన చిక్కటి ఫిల్టర్ కాఫీ తాగి పెరిగిన నాలుకకి ఇది మొదట కాఫీలాగే అనిపించదు. పంచదార వెయ్యకుండా రెండు గుక్కలు తాగి చూడమని అందరికీ చెప్తాను. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే వాళ్లకి మాత్రం పాలతో చేసిన కాపుచినో చెప్పండి. ప్రయోగాలు మన కప్పుతో చేసుకుందాం, వాళ్లకి తృప్తిగా కాఫీ తాగామనిపించాలి.

కడుపు నిండా భోజనం కావాలనుకునేవాళ్లు ఇక్కడికి రాకూడదు. బ్రెడ్లు, గుడ్డు వంటకాలు, సలాడ్‌లు బాగా చేస్తారు, కానీ అన్నం తిన్న తృప్తి ఉండదు, ధర చూసి పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. మెనూ మీరే తీసుకుని మీరే ఆర్డర్ చెప్పడం మంచిది. వెళ్లడానికి వారం మధ్యలో ఉదయం వేళ సరైనది. ఆదివారం పదకొండు గంటలకి ఊళ్లో సగం ల్యాప్‌టాప్‌లు ఇక్కడే ఉంటాయి.

## బర్మా బర్మా

ఈ పేరు వినగానే ఉత్తరాంధ్రవాళ్లకి తెలియని దేశంలా అనిపించదు. ఒకప్పుడు శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలికీ, వ్యాపారానికీ రంగూన్ వెళ్లారు. 1960ల్లో అక్కడ వ్యాపారాలు జాతీయం చేశాక చాలామంది తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర వీధుల్లో అమ్మే అత్తో నూడుల్స్ కూడా ఆ తిరిగొచ్చినవాళ్లు తెచ్చిన రుచే.

బర్మా బర్మా మాత్రం ముంబైలో 2014లో మొదలైన సంస్థ. వంటగది పూర్తిగా శాకాహారం, మద్యం ఉండదు. బర్మా వంటలో చేప, ఎండు రొయ్యలు ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకి ఇది అసలు బర్మా తిండి కాదనిపించవచ్చు, ఆ మాటలో నిజం ఉంది. కానీ మన అత్తగార్లకి, మామగార్లకి కొత్త దేశం రుచి భయం లేకుండా చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనపడలేదు.

మొదట టీ ఆకు సలాడ్ చెప్పండి. లేత టీ ఆకుల్ని పులియబెట్టి, వేయించిన పప్పులు, పల్లీలు, నువ్వులు, క్యాబేజీ, టమాటా, నిమ్మరసంతో కలుపుతారు. మరమరాల మిక్చర్ తిన్నట్టు కరకరమంటుంది, ఆ వెనకే టీ ఆకు వగరు వస్తుంది. తర్వాత ఖావ్ స్వే. కొబ్బరిపాలు, శనగపిండితో చిక్కబరిచిన పులుసు, అందులో నూడుల్స్. పక్కన చిన్న చిన్న గిన్నెల్లో వేయించిన వెల్లుల్లి, ఉల్లిపాయ, పల్లీలు, ఎండుమిర్చి, నిమ్మకాయ పెడతారు. ఎవరికి కావలసినట్టు వాళ్లు కలుపుకోవచ్చు. ఈ ఏర్పాటు మన ఇళ్లల్లో అందరికీ నచ్చుతుంది, ఎందుకంటే కారం తక్కువ తినేవాళ్లు, ఎక్కువ తినేవాళ్లు ఒకే గిన్నె దగ్గర కూర్చోగలరు. కారం చాలదని మనవాళ్లు అనడం ఖాయం. మొదటి చెంచాకే ఎండుమిర్చి కలుపుకోండి.

సమోసా సూప్ గురించి చాలామంది చెప్తారు. అదీ బాగుంటుంది, కాకపోతే దానితోనే కడుపు నిండిపోతుంది.

ఇది ఖరీదైన చోటే. వెజ్ తిండికి ఇంతా అని అడిగేవాళ్లని తీసుకెళ్తే రెండు మూడు వంటకాలు మధ్యలో పెట్టుకుని పంచుకోండి, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పకండి. వారాంతం అయితే ముందే టేబుల్ బుక్ చేసుకోవాలి. ఈ సంస్థకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది కాబట్టి అక్కడివాళ్లకి ఇక్కడే తినాలన్న తొందర అక్కర్లేదు.

## టాయిట్

2010లో హండ్రెడ్ ఫీట్ రోడ్డు మీద తెరిచారు. బెంగళూరులో బీరు అక్కడే కాచి అక్కడే పోసే పద్ధతికి ఇంతమందిని అలవాటు చేసిన చోటు ఇదే. లోపల పెద్ద పెద్ద కాచే ట్యాంకులు కనపడుతూనే ఉంటాయి.

బీరు కొత్తవాళ్లైతే గోధుమతో చేసే టాయిట్ వైస్‌తో మొదలుపెట్టండి, చేదు చాలా తక్కువ. బెల్జియం పద్ధతిలో చేసే టిన్‌టిన్ టాయిట్ తేలిగ్గా, సువాసనగా ఉంటుంది. బాస్మతి బ్లాండ్ పేరులోనే బియ్యం ఉంది. ఏది నచ్చుతుందో తెలియకపోతే పెద్ద గ్లాసు చెప్పేముందు రుచి చూడ్డానికి కొంచెం ఇమ్మని అడగండి. తినడానికి పిజ్జాలు నమ్మకంగా ఉంటాయి.

ఆఫీసు స్నేహితులు, కాలేజీ గ్యాంగు కలవడానికి ఇది సరైన చోటు. ఎవరి జీవితంలో ఏం జరుగుతోందో కూర్చుని వినాలంటే మాత్రం రాత్రి వేళ ఇక్కడ కుదరదు. శుక్ర, శని రాత్రుల్లో లోపలికి వెళ్లడానికే క్యూ ఉంటుంది. అదే మంగళవారం మధ్యాహ్నం వెళ్తే వేరే చోటికి వచ్చినట్టు ఉంటుంది, వెలుతురు, ఖాళీ, తీరిక అన్నీ దొరుకుతాయి. కర్ణాటకలో మద్యం ఇవ్వాలంటే 21 ఏళ్లు నిండాలి, కాబట్టి కుర్రాళ్లు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. పొరుగునే ఇళ్లున్న పేట ఇది. పబ్బుల శబ్దం గురించి ఇక్కడివాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. బయటికొచ్చాక రోడ్డు మీద గట్టిగా మాట్లాడకుండా వెళ్లడం మన బాధ్యత. డ్రైవింగ్ సంగతి చెప్పక్కర్లేదు, మెట్రో దగ్గరే ఉంది.

## నాగార్జున

బెంగళూరులో ఆంధ్ర స్టైల్ అంటే ఇప్పుడు అదొక సొంత వంట. 1984లో రెసిడెన్సీ రోడ్డులో మొదలైన నాగార్జున దానికి బాట వేసిన హోటళ్లలో ఒకటి, ఇందిరానగర్‌లోనూ ఉంది. ఇది ట్రెండీ చోటు కాదు. అయినా ఈ జాబితాలో పెట్టడానికి కారణం ఉంది. మీతో వచ్చిన కన్నడ, ఉత్తరాది స్నేహితులు మిమ్మల్ని తప్పకుండా ఇక్కడికే తీసుకెళ్లమంటారు.

అరిటాకు, పప్పు, పచ్చడి, కారప్పొడి, నెయ్యి. ఆకు ఖాళీ కాకముందే మళ్లీ వడ్డిస్తారు. పక్కన చిల్లీ చికెన్ చెప్పండి. ఇది చైనీస్ హోటళ్లలో దొరికే ఎర్రటి చిల్లీ చికెన్‌లా ఉండదు. పచ్చిమిర్చితో పొడిగా వేయిస్తారు, ఘాటు ముక్కుకి తగులుతుంది. మన ఇంటి వంటతో పోల్చుకుంటే పప్పు కొంచెం పల్చగా అనిపిస్తుంది. వారంగా బ్రెడ్, పాస్తాలతో నోరు చవిచచ్చినవాళ్లకి ఆ తేడా కనపడదు. రెండు రోజుల కోసం గుంటూరు నుంచి వచ్చినవాళ్లని మాత్రం ఇక్కడికి తీసుకురావడంలో అర్థం లేదు.

## మీరు ఎవరితో ఉన్నారు?

అమ్మానాన్నలతో: వారం మధ్యలో ఉదయం అయితే అరకు, మధ్యాహ్నమైతే బర్మా బర్మా. మాంసం వండే వంటగది గురించి పట్టింపు ఉంటే నేరుగా బర్మా బర్మాకే వెళ్లండి. నిలబడి తినే చోటు వద్దు.

చిన్నపిల్లలతో: సాయంత్రం తెరిచిన వెంటనే బర్మా బర్మాలో కూర్చోండి. ఆ వేళకి ఖాళీ ఉంటుంది, నూడుల్స్ పిల్లలు ఇష్టంగా తింటారు. పిల్లలకి ఇచ్చే గిన్నెలో కారం వెయ్యొద్దని ముందే చెప్పండి.

ఒంటరిగా, పని మీద వచ్చినవాళ్లు: రామేశ్వరంలో దోసె తిని, నడుచుకుంటూ అరకుకి వెళ్లి కాఫీ తాగండి. రెండూ ట్వెల్త్ మెయిన్ మీదే. ఈ జంటని మించిన ఉదయం ఇందిరానగర్‌లో లేదు, టిఫిన్ ఖర్చు తక్కువ కాబట్టి కాఫీ ధర కూడా బరువనిపించదు.

మొదటిసారి కలుస్తున్న ఇద్దరు: పెళ్లిచూపుల తర్వాత విడిగా మాట్లాడుకోమని పెద్దలు పంపినా, ఆన్‌లైన్‌లో పరిచయమైనా అరకు మంచిది. కాఫీతో ఆపేయాలనిపిస్తే ఇరవై నిమిషాల్లో లేవచ్చు, మాట కుదిరితే రెండు గంటలు కూర్చోవచ్చు. భోజనానికి కూర్చుంటే ఈ వీలుండదు.

అందరూ కలిసిన గుంపు: అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఒకరు బీరు కావాలంటారు, ఒకరు శనివారం కాబట్టి వెజ్ అంటారు, ఒకరి చేతిలో పాప ఉంటుంది. అందరికీ సరిపోయే ఒక్క చోటు కోసం వెతికితే ఎవరికీ నచ్చని చోట తేలతాం. భోజనం బర్మా బర్మాలో కలిసి చేసి, ఆ తర్వాత బీరు తాగేవాళ్లు టాయిట్‌కి, మిగతావాళ్లు కార్నర్ హౌస్‌లో ఐస్‌క్రీమ్‌కి వెళ్లడం నయం. 1982 నుంచి బెంగళూరువాళ్లు తింటున్న కార్నర్ హౌస్ డెత్ బై చాక్లెట్ ఒక్కటి తెప్పిస్తే ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది.

## బిల్లు దగ్గర, తిరిగి వెళ్లేటప్పుడు

విడిగా ఉండే రెస్టారెంట్లలో తిండి మీద జీఎస్టీ 5 శాతం. మద్యం జీఎస్టీ కిందికి రాదు కాబట్టి దాని పన్ను లెక్క వేరుగా కనిపిస్తుంది, కంగారు పడకండి. సర్వీస్ ఛార్జ్ సంగతి మాత్రం చూసుకోండి. బిల్లులో దాన్ని వాళ్లంతట వాళ్లే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. బిల్లులో ఆ ఛార్జ్ కనపడితే తీసేయమని మర్యాదగా అడగండి. సర్వ్ చేసినవాళ్లు బాగా చూసుకున్నారనిపిస్తే ఆ డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి.

రాత్రి పదిన్నర దాటాక ఆటోవాళ్లు చెప్పే రేటు వింటే కడుపులో ఉన్నది అరిగిపోతుంది. ఆఖరి మెట్రో పదకొండు ప్రాంతంలో ఉంటుంది, టైమింగ్ ఆ రోజు యాప్‌లో చూసుకుని దానికి కనీసం అరగంట ముందే బిల్లు చెప్పేయండి. వారాంతాల్లో బిల్లు రావడానికే పది నిమిషాలు పడుతుంది.